తేడా మూడే

ఆషాఢం, రాత్రి రెండున్నర.
చిత్తూరు దాటాక మా గుజ్జు ఫ్యాక్టరీ గేటు నుంచి
పెట్రోలు బంకు మలుపుదాకా తోతాపురి లారీలు.
తీపి వాసన పులుపు వాసనగా
మారాలా వద్దా అని ఆలోచిస్తున్న వేళ.

లోపల, గుజ్జు ఉడికే గొట్టం దగ్గర,
నా తెరమీద అంకెకు పిచ్చెత్తింది.
నూటఐదు ఉండాల్సిన చోట
ఒకసారి వెయ్యి, ఒకసారి సున్నాకి కింద,
ఆ తర్వాత అంకెలే లేవు,
వరసగా అడ్డగీతలు.

"సెన్సరు పోయినట్టుండాది మే, మార్చేద్దాం"
అన్నాడు వజ్రవేలు, టార్చి చంకలో ఇరికించుకుని.
పోలేదు.
మీటరు ముళ్ళు రెండు తీగలకీ ఆనించి చూశాను.
మూడు మిల్లీవోల్టులు.
చీమ నోట కరుచుకుపోయే చక్కెర పలుకంత.
ఉండాల్సినంతే ఉంది.

మా కార్డుకి తెలిసిన విద్య ఒకటే.
రెండు తీగల్నీ పక్కపక్కన నిలబెట్టి
ఎవరికన్నా ఎవరు ఎంత ఎత్తని అడుగుతుంది.
నేల ఎక్కడో అడగదు.
ఇద్దరి మీదా ఒకేలా పడిన మోటార్ల గోలని
అటూ ఇటూ కొట్టేసి
మిగిలిన చిటికెడునే లెక్కలో వేసుకుంటుంది.
చేత్తో పట్టుకున్న తక్కెడ లాంటిదన్నమాట,
చెయ్యి పైకెత్తినా కిందికి దించినా
ముల్లు కదలదు.

పాలిటెక్నిక్‌లో ఆ బొమ్మ గీసిన రోజు
ఎంత న్యాయమైన యంత్రం అనుకున్నాను.
బొమ్మ కింద చిన్నక్షరాల్లో ఒక వరస ఉండేది:
ఏ తీగా నేల నుంచి పది వోల్టులు దాటకూడదు.
పరీక్షలో రాలేదు.
మేమెవరం చదవలేదు.

ఈసారి ఒక ముల్లు తీగకి, ఒక ముల్లు నేలకి.
పద్నాలుగు.
రెండో తీగ?
పద్నాలుగే.

చెయ్యి అంత పైకి లేస్తే
తక్కెడ దూలం ఇంటికప్పుకి తగులుకుంటుంది.
ఆపైన ముల్లు ఏం చెప్పినా
అది కప్పు మాట, బరువు మాట కాదు.

షెడ్డు వెనక కోదండం వెల్డింగు చేస్తున్నాడు.
నీలం మెరుపుకి గోడమీద నీడలు లేచి కూర్చుంటున్నాయి.
అతని ఎర్తు క్లాంపు
చేతికందిన ఇనుము కదా అని మా గొట్టాన్నే కరుచుకుంది.
గొట్టం లేచింది.
దాని కొసకి అతుక్కున్న రెండు తీగలూ లేచాయి,
ఒకదాన్నొకటి వదలకుండా,
మూడు మిల్లీవోల్టుల ఎడం తప్పకుండా.

సాయంత్రం తూకం కిటికీ దగ్గర విన్న మాటలు
ఇప్పుడెందుకో గుర్తొచ్చాయి.
పాలసముద్రం చెంగల్రాయుడు,
మూడో రోజు లైన్లో ఉన్న మనిషి.
"నిరుడుకన్నా కిలోకి రెండు పెంచినాం కదన్నా" అన్నాడు గుమాస్తా.
"కూలి, మందు, లారీ బాడుగ, అన్నీ కలిపి
నాకూ రెండే పెరిగింది సామీ."
"అట్లయితే సరికి సరి. నీకు పోయిందేముండాది?"
తీసివేతలో తప్పు లేదు. నేనూ వేసి చూశాను.
"నాది ముందుగా పోతాది, అప్పు దెచ్చి.
మీది వెనకెప్పుడో వస్తాది…"
ఇంకేదో చెప్పబోయి నోరు తెరిచాడు.
వరసగా అడ్డగీతలు.

"ఇదీ ఇనుమే గదమ్మా" అంటూ
కోదండం క్లాంపు పీకి వేరే చోట తగిలించాడు.
నూటఐదు.
నూటఐదు పాయింటు రెండు.
వజ్రవేలు నా వైపు చూసి, కొత్త సెన్సరుని
మళ్ళీ అట్టపెట్టెలో పడుకోబెట్టాడు.
పుస్తకంలో రాశాను:
మూడూ పది. తేడా సరిగ్గానే ఉండింది.

టీ కోసం గేటు బయటికి వచ్చాను.
లారీ కింద గోనెపట్ట మీద చెంగల్రాయుడు
నిద్రపోలేదు.
పలకరిద్దామని వంగాను.
జేబులో మీటరు బరువుగా తగిలింది.
ఒక ముల్లు సరే,
రెండోది ఎక్కడ ఆనించాలో తెలియక
"టీ తాగతావా పెదనాయనా" అన్నాను.